వైజాగ్‌లో కూర్చుని కొత్త డీప్ హౌస్, సోల్‌ఫుల్ హౌస్ రికార్డులు కొనడం ఎలా: మొదట్నుంచి చివరిదాకా

డీప్ హౌస్, సోల్‌ఫుల్ హౌస్ అంటే క్లబ్బుల్లో వేసే హౌస్ అనే డ్యాన్స్ మ్యూజిక్‌లో రెండు రకాలు, అవి వచ్చే వినైల్ రికార్డులు, అదే గ్రామఫోన్ పళ్ళాల్లాంటివి, కొనే సంగతి ఇది. ముందు లెక్క చెప్తా. లండన్ షాపు సైట్‌లో ఒక పన్నెండంగుళాల రికార్డు, రెండు వైపులా కలిపి మూడో నాలుగో ట్రాకులు, పన్నెండు నుంచి పదిహేను పౌండ్లు ఉంటుంది. అదొక్కటే ఆర్డర్ పెడితే షిప్పింగు, కార్డు మీద పడే ఫారెక్స్ చార్జీ, ఇక్కడికొచ్చాక కస్టమ్స్, అన్నీ కలిపి మా ఎంవీపీ కాలనీ గుమ్మంలోకి వచ్చేసరికి రేటు డబుల్ దాటిపోతుంది గురూ. పాతిక నిమిషాల మ్యూజిక్‌కి. ఇది తెలిసి కూడా కొంటున్నాం అంటే పిచ్చే, కాదనను, కాకపోతే పిచ్చికి కూడా ఓ పద్ధతి ఉంటే జేబు బతుకుతుంది. మొదటి రెండేళ్ళు నేను కొన్నవాటిలో సగం ఇప్పుడు ముట్టుకోను, అలాగని పారేయలేను, బీరువా పక్కన నిలబడి నన్నే చూస్తుంటాయి. అందుకే ఏం కొనాలో ఎంత రాశానో ఏం కొనకూడదో కూడా అంతే రాశా.

1. ముందు చెవికి తెలియాలి

షాపు సైట్లలో డీప్ హౌస్ అని నొక్కితే వచ్చేదంతా డీప్ హౌస్ కాదు. 2012, 13 ఆ టైంలో రేడియో పాప్ లాంటి సరుక్కి కూడా అదే పేరు పెట్టి తెగ అమ్మేశారు, ఆ గందరగోళం ఇంకా పోలేదు. అసలు వంశం వేరు. 1977లో చికాగోలో వేర్‌హౌస్ అనే క్లబ్ తెరిచారు, అక్కడ ఫ్రాంకీ నకుల్స్ రికార్డులు వేసేవాడు, ఆ క్లబ్ పేరులోంచే హౌస్ అన్న మాట వచ్చింది. తర్వాత 80ల మధ్యలో లారీ హర్డ్ అనే ఆయన, మొదట డ్రమ్మరు, మిస్టర్ ఫింగర్స్ పేరుతో డ్రమ్ మెషిన్ దెబ్బ మీద జాజ్ కార్డ్‌లు, అంటే ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు, పరిచాడు, డీప్ అంటే అదీ. హడావుడి ఉండదు, కీబోర్డు కార్డ్ ఒకటి పెట్టి దాన్ని అలా ఆరనిస్తారు, బేస్ కింద నడుస్తుంటుంది. సోల్‌ఫుల్ అంటే అదే నడక మీద నిజంగా గొంతెత్తి పాడే మనిషి ఉంటాడు, చర్చి పాట వాసన ఉంటుంది. ఆదివారం పొద్దున వన్‌టౌన్ పాత పోస్టాఫీసు వైపు వెళ్తున్నప్పుడు చర్చి లోపల్నుంచి కోరస్ ఒక్కసారి పైకి లేస్తుంది చూడండి, ఆ లేవడమే ఇక్కడ కూడా.

నడక గురించి ఒక్క ముక్క. నిమిషానికి 118 నుంచి 125 దెబ్బలు, నాలుగూ సమానంగా పడతాయి. భజనలో తాళం వేసే పెద్దాయన ఎవరెలా పాడినా తన దెబ్బ మార్చడు కదా, కిక్ డ్రమ్, అదే కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము, కూడా అంతే. కానీ పైన హై-హ్యాట్, అంటే ఆ చిన్న తాళాల జత, మాత్రం కాస్త వెనకపడి పడాలి, జారినట్టు. అది గీత గీసినట్టు కరెక్టుగా పడిందంటే ఆ ట్రాక్ కంప్యూటర్‌లో హడావుడిగా కుట్టేసిందని నా అనుమానం, పది సార్లలో ఏడుసార్లు నిజమే అవుతుంది.

మనవాళ్ళకి ఇంకో చుట్టరికం ఉంది. ఇంటికో పిల్లో పిల్లాడో ఉండే ఎడిసన్ ఉందే, న్యూజెర్సీ, అక్కణ్ణుంచి కారులో గంట లోపే నెవార్క్. అక్కడ జాంజిబార్ అనే క్లబ్‌లో డీజే టోనీ హంఫ్రీస్ వేసిన రికార్డుల చుట్టూనే జెర్సీ సౌండ్ అనేది పెరిగింది, హౌస్ ట్రాకులు చేసే కెర్రీ చాండ్లర్ ఆ పక్క ఈస్ట్ ఆరెంజ్ మనిషే. మా పిన్ని కొడుకు ఎనిమిదేళ్ళుగా ఆ రోడ్ల మీదే ఆఫీసుకెళ్తున్నాడు, వాడికి నేను చెప్పేదాకా తెలీదు.

2. పాట వెనక పడకండి, లేబుల్ వెనక పడండి

సినిమా పాటలకి మనం సింగర్‌ని, మ్యూజిక్ డైరెక్టర్‌ని చూస్తాం. ఇక్కడ చూడాల్సింది రికార్డు మధ్యలో ఉండే గుండ్రటి కాయితం మీద లేబుల్ పేరు, అంటే రికార్డు తెచ్చే కంపెనీ పేరు. ఎందుకంటే ఈ లేబుళ్ళు చాలావరకు ఒక మనిషో ఇద్దరో నడిపేవి, వాళ్ళ చెవికి నచ్చితేనే ప్రెస్ చేస్తారు, అంటే వినైల్ మీద అచ్చు కొట్టిస్తారు, మూడొందలో అయిదొందలో కాపీలు కొట్టించి ఊరుకుంటారు. ఆ చెవి మీ చెవికి కలిస్తే సగం పని అయిపోయినట్టే.

నేను ఫాలో అయ్యేవి చెప్తా. కెర్రీ చాండ్లర్ సొంత లేబుళ్ళు మ్యాడ్‌హౌస్, కేయోజ్ థియరీ. న్యూయార్క్ డీజే లూయీ వేగాది వేగా రికార్డ్స్. డెట్రాయిట్ నుంచి మూడీమ్యాన్ నడిపే మహోగనీ మ్యూజిక్, థియో పారిష్ నడిపే సౌండ్ సిగ్నేచర్, ఈ రెండూ కాస్త గరుకు సరుకు, అందరికీ ఎక్కదు, నాకు బాగా ఎక్కింది. ఒసున్‌లాడే యోరుబా రికార్డ్స్‌లో ఆఫ్రికన్ డ్రమ్ములు ఎక్కువ. అట్లాంటిక్‌కి ఇటు పక్క లండన్ ఫ్రీరేంజ్, స్టాక్‌హోమ్ లోకల్ టాక్, ఆమ్‌స్టర్‌డామ్ హైస్ట్. బ్రూక్లిన్ రేజర్-ఎన్-టేప్ వాళ్ళవి డిస్కో వాసన ఉన్న ఎడిట్లు, అంటే పాత పాటల్ని కోసి మళ్ళీ కుట్టినవి, పార్టీకి బాగుంటాయి, ఇంట్లో ఒక్కడే కూర్చుని వినడానికి తక్కువ. సౌత్ ఆఫ్రికాలో ఈ మ్యూజిక్ మనకి సినిమా పాటలెంతో అంత, కానీ అక్కడిది ఎక్కువ భాగం డిజిటల్‌లోనే వస్తుంది, వినైల్ వచ్చినప్పుడు ఆలోచించకుండా పట్టుకోవడమే.

లారీ హర్డ్ రికార్డులు కొనేటప్పుడు మాత్రం లేబుల్ రెండుసార్లు చూడండి. ఆయన సొంత లేబుల్ అలీవియేటెడ్, కొత్తవీ పాతవాటి మంచి రీఇష్యూలూ అందులో వస్తాయి. పాత లేబుల్ మీద ఆయన, సింగర్ రాబర్ట్ ఓవెన్స్ కలిసి 2020లో కేసు వేసి 2022లో సెటిల్‌మెంట్‌లో హక్కులు వెనక్కి తెచ్చుకున్నారు, ముప్ఫయ్యేళ్ళు రాయల్టీ సరిగ్గా రాలేదని గొడవ. మనం ఇంత ఖర్చు పెట్టి కొనేది ఎలాగూ ఆయన చేతికెళ్ళేదే కొందాం.

కొత్తగా మొదలెట్టేవాళ్ళకి దారి కావాలంటే 2022లో వచ్చిన మూడు ఆల్బమ్‌లు వరసగా వినండి, కెర్రీ చాండ్లర్ స్పేసెస్ అండ్ ప్లేసెస్, లూయీ వేగా ఎక్స్‌పాన్షన్స్ ఇన్ ది ఎన్‌వైసీ, రాన్ ట్రెంట్ వాట్ డు ది స్టార్స్ సే టు యూ. మూడింట్లో ఏది మళ్ళీ పెట్టబుద్ధేసిందో దాన్ని బట్టి మీ దారి మీకే తెలుస్తుంది. నాకు మూడోది, అది హౌస్ అని కూడా అనలేం, సాయంత్రం లాసన్స్ బే గాలికి సరిగ్గా సరిపోతుంది అంతే.

3. వారం వారం చూడాల్సినవి

కొత్త రిలీజులు శుక్రవారం ఎక్కువ వస్తాయి, 2015 నుంచి ప్రపంచమంతా శుక్రవారమే రిలీజు రోజు. కానీ హౌస్ వినైల్‌కి ఆ రూలు గట్టిగా లేదు, ప్రెస్సింగ్ ప్లాంట్ నుంచి ఎప్పుడొస్తే అప్పుడే. వారానికి ఒక గంట పెట్టుకోండి చాలు, రోజూ చూస్తే కొనేస్తారు.

నా వరస ఇది. జూనో రికార్డ్స్ అనే ఆన్‌లైన్ షాపులో డీప్ హౌస్ వినైల్ కొత్త సరుకు పేజీ, తర్వాత లండన్ ఫోనికా, ఆమ్‌స్టర్‌డామ్ రష్ అవర్, ఈ రెండూ షాపువాళ్ళ చేత్తో ఏరినవి కాబట్టి తక్కువ ఉంటాయి, మంచివి ఉంటాయి. ట్రాక్స్‌సోర్స్ డిజిటల్ అమ్మే సైటు, అక్కడ కొనక్కర్లేదు, కానీ సోల్‌ఫుల్ హౌస్‌లో ఎవరేం చేస్తున్నారో ముందు అక్కడే తెలుస్తుంది. బ్యాండ్‌క్యాంప్ అంటే ఆర్టిస్టులు, లేబుళ్ళు నేరుగా అమ్ముకునే సైటు, అక్కడ లేబుళ్ళని ఫాలో కొట్టి పెడితే రిలీజ్ అయిన రోజే మెయిల్ వస్తుంది. అక్కడ వినైల్ కొంటే ఫైళ్ళు కూడా మామూలుగా వెంటనే ఇస్తారు, పార్సిల్ నెలన్నరకి వచ్చేలోపు వినడానికి ఏదో ఒకటి ఉంటుంది.

బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని ఒకటుంది, 2020 మార్చిలో కరోనా టైంలో మొదలెట్టారు, ఆ రోజు సైటు తన వాటా వదిలేసుకుని డబ్బు లేబుల్‌కి పంపేస్తుంది. అది అమెరికా పడమటి తీరం అర్ధరాత్రికి మొదలవుతుంది, అంటే మనకి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నర, చలికాలంలో ఒంటిగంటన్నర. పొద్దున్నే లేచి ఆత్రంగా కొనేస్తే ఉపయోగం లేదు, భోంచేసి కొనండి.

4. కొనే ముందు వినే పద్ధతి

ఇక్కడే నేను ఎక్కువ డబ్బు తగలేశా. షాపు సైట్లో ఉండేది ఒకటిన్నర రెండు నిమిషాల ముక్క, అది కూడా పాటలో బాగా ఊపొచ్చే చోటే కోసి పెడతారు. ఆ ముక్కకి పడిపోయి కొంటే, ఇంటికొచ్చాక తెలుస్తుంది, ఎనిమిది నిమిషాల ట్రాక్‌లో ఆ రెండు నిమిషాలే ఉంది, మిగతా ఆరు నిమిషాలూ ఎదురుచూపు. కాబట్టి పూర్తి ట్రాక్ దొరికితేనే, యూట్యూబ్‌లోనో బ్యాండ్‌క్యాంప్‌లోనో, అప్పుడే కార్ట్‌లో వెయ్యండి.

ఫోన్ స్పీకర్లో అస్సలు వినొద్దు. ఈ మ్యూజిక్‌లో సగం ఆస్తి బేస్‌లైన్, ఫోన్లో అది ఉండనే ఉండదు, తబలా లేకుండా కచేరీ విన్నట్టు. హెడ్‌ఫోన్స్‌తో ఒకసారి, ఇంట్లో పెద్ద స్పీకర్లలో ఏదో పని చేసుకుంటూ ఒకసారి, ఓ వారం ఆగి ఇంకోసారి. రెండోది ముఖ్యం. ఒకసారి నేను ఒక పాట పెట్టుకుని గదిలో పుస్తకాలు సర్దుతున్నా, వంటింట్లోంచి మా అమ్మ వచ్చి, ఆవిడకి ఇంగ్లీషు పాటలంటేనే పడదు, గుమ్మం దగ్గర నిలబడి తోటకూర కట్ట విప్పుకుంటూ ఆకులు గిల్లుతోంది, నాలుగు నిమిషాలు కదల్లేదు, ఆ గిల్లడం కూడా దెబ్బకి సరిపోయి పడుతోంది. పాటైపోయాక "ఏటిరా ఇది, దేవుడి పాటలాగుంది" అని వెళ్ళిపోయింది. ఆ రికార్డు కొన్నా, ఇప్పటికీ నెలకోసారైనా పెడతా. పని చేసుకుంటున్న మనిషిని ఆపిందంటే ఆ రికార్డులో విషయం ఉన్నట్టే, నా దగ్గర ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

వారం ఆగితే అయిపోతుందేమో అని భయం ఉంటుంది, మూడొందల కాపీలే కదా. అయిపోతే పోనీయండి. నిజంగా ఆడిన రికార్డుని చాలాసార్లు మళ్ళీ ప్రెస్ చేస్తారు. నేను ఆగి పోగొట్టుకున్నవి మూడో నాలుగో, ఆగకుండా కొని ఏడ్చినవి ముప్ఫై పైనే.

ఇంకోటి, ఎప్పుడూ రెండో వైపు వినండి. పన్నెండంగుళాల రికార్డులో మొదటి వైపు (A) గొంతుతో పాడిన వోకల్ మిక్స్ ఉంటే రెండోది, అదే బీ వైపు, డబ్ అనో ఇన్‌స్ట్రుమెంటల్ అనో ఉంటుంది. డబ్ అంటే గొంతు చాలావరకు తీసేసి, అక్కడక్కడ ఒక్కో ముక్క ఎకోలో వదిలి, డ్రమ్ముకీ బేస్‌కీ చోటిస్తారు. కొత్తలో వోకల్ వైపే అరగదీస్తాం, రెండేళ్ళ తర్వాత చూసుకుంటే నీడిల్ పడేది డబ్ వైపే. రెండు వైపులూ నచ్చనిది ఈ రేటుకి వద్దు.

5. లిస్టింగ్ చదవడం

సైజు, స్పీడు చూడండి. పన్నెండంగుళాల సింగిల్ అనేదే డ్యాన్స్ కోసం పుట్టింది, 70ల మధ్యలో న్యూయార్క్‌లో టామ్ మౌల్టన్ అనే మిక్సింగ్ ఆయనకి ఏడంగుళాల ఖాళీ డిస్కులు అయిపోతే పెద్ద డిస్కు మీద కట్ చేయించాడు, నీడిల్ నడిచే గీతలు విడివిడిగా పడేసరికి సౌండ్ ఒక్కసారి పెద్దదైపోయింది, 1976లో సాల్సోల్ లేబుల్ దాన్నే షాపుల్లోకి అమ్మకానికి తెచ్చింది. ఆ లెక్క ఇప్పటికీ అంతే. వైపుకి ఒకటో రెండో ట్రాకులుండి 45 స్పీడైతే, అంటే నిమిషానికి 45 చుట్లు, బేస్ నిండుగా వస్తుంది, వైపుకి నాలుగు కుక్కేస్తే పలచబడుతుంది. రంగు వినైల్‌కి ఎక్కువ ఇవ్వకండి, చూడ్డానికి బాగుంటుంది, సౌండ్‌కి దానివల్ల వచ్చేదేం లేదు. ప్రీఆర్డర్ డేట్ అంటారా, పెళ్ళిపత్రికలో ముహూర్తం లాంటిది కాదు అది, వెనక్కి జరుగుతూ ఉంటుంది. ఒక ప్రీఆర్డర్‌ని మిగతా స్టాక్‌తో కలిపి ఆర్డర్ పెడితే మొత్తం పార్సిల్ దానికోసం ఆగిపోతుంది, విడిగా పెట్టండి.

సెకండ్‌హ్యాండ్ అయితే డిస్కాగ్స్, రికార్డుల వివరాలూ అమ్మకాలూ ఉండే సైటు. వీజీ ప్లస్, అంటే వెరీ గుడ్ ప్లస్, కన్నా తక్కువ గ్రేడు ఇంత దూరం తెప్పించుకోవద్దు. అమ్మేవాడు అడిగే రేటు కాదు, లోపల పాత అమ్మకాల హిస్టరీ ఉంటుంది, అందులో మధ్యరకం రేటు చూడండి.

6. ఆర్డర్

ఒక్కొక్కటి కొనొద్దు. కవరుతో కలిపి ఒక రికార్డు పావుకేజీ దాకా తూగుతుంది, షిప్పింగు బరువు మెట్లలెక్కన పెరుగుతుంది కాబట్టి ఒకదానికీ నాలుగింటికీ తేడా మీరనుకున్నంత ఉండదు. నేను మూడు నెలలకోసారి అయిదారు పెడతా. ఊళ్ళో ఇంకొకరిద్దరు దొరికితే కలిపి తెప్పించుకోండి, మేం ముగ్గురం సిరిపురం దగ్గర టీ కొట్టులో కూర్చుని ఒకే కార్ట్ నింపుతాం, గొడవ పడతాం, ఒకడి సరుకు ఇంకొకడు తీసేయిస్తాడు, నిజానికి అదే మంచి ఫిల్టరు.

బ్యాంకు యాప్‌లో కార్డుకి ఇంటర్నేషనల్ ఆన్ చేసుకోవడం మర్చిపోకండి. ఫోన్ నంబరు +91తో రాయండి, కొరియర్ అయితే కేవైసీ కోసం ఆధారో పానో అడుగుతుంది, మెయిల్ రాగానే ఇచ్చేయండి, లేటైతే పార్సిల్ అక్కడే కూర్చుంటుంది. కస్టమ్స్ రేట్లు మారుతుంటాయి, కొనే రోజున చూసుకోండి. గిఫ్ట్ అని రాయించే తెలివి వద్దు, 2019 డిసెంబర్ నుంచి రాఖీలు, ప్రాణం కాపాడే మందులు తప్ప గిఫ్టు పేరుతో డ్యూటీ లేకుండా రానివ్వట్లేదు. తక్కువ విలువ రాయమని కూడా అడగొద్దు, దార్లో విరిగితే క్లెయిమ్ కూడా ఆ తక్కువకే వస్తుంది.

ముంబైలో రివాల్వర్ క్లబ్, బెంగళూరులో ఆన్ ది జంగిల్ ఫ్లోర్ లాంటి మన షాపులు కూడా ఒకసారి చూడండి. వాళ్ళు తెప్పించి పెట్టినది దొరికితే కస్టమ్స్ తలనొప్పి మనది కాదు.

అమెరికా దారి అంటే మా పిన్ని కొడుకు. అక్కడి షాపు నుంచి వాడింటికి పంపిస్తా, వాడొచ్చినప్పుడు తెస్తాడు. పోయిన సంక్రాంతికి ఫోన్ చేసి "అన్నయ్యా, పదకొండున్నాయి, అమ్మకి తెమ్మన్న బాదం పప్పు తీసేసి నీ పళ్ళాలు పెట్టనా" అన్నాడు. ఏడే తెచ్చాడు, బట్టల మధ్య నిలువుగా పెట్టి క్యాబిన్ బ్యాగులో తెచ్చాడు, అలాగే తేవాలి. చెక్-ఇన్‌లో వేస్తే మూలలు పోతాయి.

7. పార్సిల్ వచ్చిన రోజు

మే నెలలో ఒక కొరియర్ కుర్రాడు నేను ఇంట్లో లేనని వాచ్‌మన్‌కి ఇచ్చాడు, వాచ్‌మన్ జాగ్రత్తగా నీళ్ళ మోటారు పెట్టె మీద పెట్టాడు, ఎండలో. సాయంత్రం తీసి చూస్తే రెండు రికార్డులు వేయించిన అప్పడాల్లా ఉన్నాయి. ఎవర్నని ఏం లాభం. అప్పట్నుంచి ఏప్రిల్, మే నెలల్లో వచ్చేలా ఆర్డర్ పెట్టను, తప్పక పెడితే ఆఫీసు అడ్రస్ ఇస్తా.

పెట్టె ఓపెన్ చేసేది మొదట్నుంచి వీడియో తియ్యండి. రికార్డుని కంటి ఎత్తులో అంచు నుంచి చూడండి, తిప్పితే ఎత్తుపల్లం తెలుస్తుంది. లోపముంటే ఫొటోలతో అదే రోజు మెయిల్ పెట్టండి, పేరున్న షాపులు మామూలుగా ఒప్పుకుంటాయి. కాస్త వంపైతే రెండు దళసరి అద్దాల మధ్య పెట్టి పైన మా నాన్నగారి డిక్షనరీలు పెడతా, నెలకి కొంత తగ్గుతుంది. ఎండలో పెట్టి సరిచేయొద్దు, ఆ చికిత్స మా వాచ్‌మన్ చేసేశాడు.

8. సముద్రం పక్కన దాచుకోవడం

పుస్తకాల్లో రాసే స్టోరేజ్ సలహాలు చల్లటి దేశాలవి. మనకి జూన్ నుంచి నవంబరు దాకా గోడలు చెమర్చుతాయి, ఉప్పుగాలి వేరే. హుద్‌హుద్ రోజు, 2014 అక్టోబర్ 12, మా హాల్లో కిటికీ అద్దాలు పోయి వాన అడ్డంగా లోపలికి కొట్టింది, అప్పటికి నా దగ్గరున్నవి పదకొండే, కరెంటు లేని ఆ వారంలో ఒకదానికొకటి అంటుకున్న అట్టల్ని కొవ్వొత్తి పెట్టుకుని విడదీసుకుంటూ కూర్చున్నా. రికార్డులకి ఏం కాలేదు, కవర్లు పోయాయి. అందుకని సముద్రం వైపు కిటికీ ఉన్న గోడకి వద్దు, బయటి గోడకి ఆనించొద్దు, నేల నుంచి అడుగు ఎత్తులో, పుస్తకాల్లా నిలువుగా. పళ్ళాల్లా ఒకదాని మీద ఒకటి పేరిస్తే కిందవి వంగుతాయి.

లోపల వచ్చే కాయితం కవరు తీసేసి పాలీప్రొపిలీన్ లోపలి కవర్లలోకి మార్చండి, కాయితం చెమ్మ పట్టి పొడి రాలుతుంది. బయట మెత్తటి పీవీసీ కవరు వద్దు, మన వేడికి అది రికార్డుకి మసక పట్టిస్తుంది. అరల్లో సిలికా జెల్ పొట్లాలు పెట్టి రంగు మారినప్పుడల్లా మార్చండి. కలరా ఉండలు మాత్రం వద్దు, ఆ వాసన అట్టకి పట్టిందంటే ఇక వదలదు.

వానాకాలం అయ్యాక ఒకసారి అన్నీ తీసి చూస్తే కొన్నిటి మీద వరిపిండి చల్లినట్టు తెల్లటి చుక్కలుంటాయి, అది బూజు. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి, లీటరుకి రెండు చుక్కలు గిన్నెలు కడిగే లిక్విడ్ కలిపి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గీతల వెంటే గుండ్రంగా తుడవండి, మళ్ళీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకో గుడ్డ. మధ్యలో లేబుల్ తడవకూడదు. బోరు నీళ్ళు పొరపాటున కూడా వద్దు, బీచ్ వైపు బోర్లలో ఉప్పు, ఆరాక గీతల్లో మిగిలిపోతుంది. కొత్త రికార్డుని కూడా మొదటిసారి వేసే ముందు ఇలాగే తుడుస్తా, ఫ్యాక్టరీ దుమ్ము, కాయితం పొడి ఉంటాయి.

9. వెయ్యడం

ప్లేయర్ గురించి రాస్తే ఇంకో గైడ్ అవుతుంది. ఒకటే, నీడిల్ బరువు కంపెనీ చెప్పినంతే పెట్టండి, నా ఆడియో-టెక్నికా వీఎం95ఈ నీడిల్‌కి రెండు గ్రాములు. చిన్న డిజిటల్ త్రాసు ఆన్‌లైన్లో దొరుకుతుంది. ప్లేయర్‌ని, స్పీకర్లని ఒకే టేబుల్ మీద పెట్టొద్దు, ఈ మ్యూజిక్‌లో బేస్‌కి టేబుల్ ఊగుతుంది, నీడిల్ దాన్ని మళ్ళీ పాటలో కలిపేస్తుంది.

10. పద్దు

కొన్నవన్నీ డిస్కాగ్స్‌లో ఎక్కించండి. రికార్డు లోపలి అంచున, పాట అయిపోయాక ఉండే నున్నటి చోట గీకిన అక్షరాలుంటాయి, ఆ నంబరు చూసి సరైన ప్రెస్సింగ్ ఎంచుకోండి, ఒకే రికార్డుకి నాలుగైదు ప్రెస్సింగ్‌లుంటాయి. నేను దాంతోపాటు ఒక నోటుబుక్కులో ఎంతకొచ్చిందో మొత్తం ఖర్చు, చివరిసారి ఎప్పుడు వేశానో రాస్తా. ఏడాదిలో ఒక్కసారి కూడా వెయ్యనివి అమ్మేసి ఆ డబ్బుతోనే కొత్తవి అని రూలు పెట్టుకున్నా. ఇప్పటికి తొమ్మిది అమ్మా, అందులో ఒకటి మళ్ళీ కొన్నా, బీ వైపు వినకుండా అమ్మేశాను మరి.